గాజు తొట్టిలో చేపలు – ఎండకూ చలికీ జాగ్రత్తలు



ఎండలు ముదిరిన రోజుల్లో పశువులకు నీడ చూస్తాము. పిల్లలకు మజ్జిగ కలిపి ఇస్తాము. పిచ్చుకల కోసం చూరు కింద మూకుడులో నీళ్లు పెట్టేవారు కూడా ఉన్నారు. కాని ఇంటి మూలన గాజు తొట్టిలో తిరుగుతున్న చేపకు ఎండ తగులుతుందని చాలామందికి తోచదు. “నీళ్లలోనే ఉంది కదా, దానికేమి వేడి?” అనుకుంటాము. మేమూ అలాగే అనుకొని నష్టపోయిన వాళ్లమే. ఆ సంగతి దాచుకోకుండా చెబితే మరో ఇంట్లో పిల్లలు ఏడవకుండా ఉంటారని ఈ నెల దానిని గూర్చి వ్రాస్తున్నాము.

మా అమ్మాయి ఏడవ తరగతి మంచి మార్కులతో పాసైనప్పుడు చేపలు కావాలని అడిగింది. బెజవాడ నుండి ఒక గాజు తొట్టి తెచ్చాము. పొడవు 2 అడుగులు, వెడల్పు ఒక అడుగు, ఎత్తు ఒక అడుగు. అంచువరకు నింపితే 56 లీటర్లు పడుతుంది, మేము 50 లీటర్లు పోశాము. దానిలో 8 గప్పీలు, 2 గోల్డ్ ఫిష్‌లు వేశాము. గాజుకు అతికించే చిన్న థర్మామీటరు కూడా కొన్నాము. నీరు 24 నుండి 28 డిగ్రీల మధ్య ఉండాలని తొట్టితో పాటు ఇచ్చిన కాగితం మీద ఉంది. అమ్మాయి ఆ కాగితాన్ని గోడకు అంటించి, ప్రతి ఉదయం బడికి వెళ్లేముందు థర్మామీటరు చూచి, ఒక నోటుపుస్తకంలో వ్రాసుకొనేది.

2023 మే నెలలో ఒక రోజు ఇంటికి తాళం వేసి, కిటికీలు మూసి, అందరమూ పక్క ఊళ్లో పెండ్లికి వెళ్లాము. మా ముందు గదికి రేకుల కప్పు. తొట్టి ఉన్నది ఆ గదిలోనే. మధ్యాహ్నం మూడింటికి తిరిగివచ్చి తలుపు తీసేసరికి ఇల్లు ఆవిరి పొయ్యిలా ఉంది. కరెంటు లేదు, గాలి మోటారు ఆగిపోయింది. చేపలన్నీ నీటి పైకి చేరి నోళ్లు తెరచుకొని గుటకలు వేస్తున్నాయి. థర్మామీటరు 34 చూపిస్తున్నది.

మాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. పరుగున వెళ్లి సోడా కొట్టులో 4 కిలోల ఐసు గడ్డ తెచ్చి, పగలగొట్టి తొట్టిలో వేశాము. అరగంటలో ఐసంతా కరిగిపోయింది. థర్మామీటరు 26కు దిగింది. కాగితం మీద ఉన్నదానికి సరిగ్గా నడిమి అంకె. “హమ్మయ్య” అనుకొని కాఫీ పెట్టుకున్నాము.

చీకటి పడేసరికి 5 గప్పీలు, ఒక గోల్డ్ ఫిష్ పక్కకు ఒరిగి చనిపోయాయి. అమ్మాయి తొట్టి దగ్గరనుండి కదలలేదు. “అమ్మా, నాన్నా, నెంబరు సరిగ్గానే ఉంది కదా. మరి ఎందుకు చచ్చిపోయాయి?” అని అడిగింది. మా దగ్గర జవాబు లేదు. జవాబు లేనప్పుడు మనుష్యులు చేసే పనే మేమూ చేశాము. రోగపు చేపలు అంటగట్టాడని అమ్మినవాడిని తిట్టుకున్నాము.

తాతయ్య చెప్పిన సంగతి

రెండు రోజుల తరువాత మా మామయ్య వచ్చాడు. కొల్లేటి పక్కన, కైకలూరు దగ్గర ఆయన ముప్పై ఏండ్లుగా చేపల చెరువు చేస్తున్నాడు. జరిగినదంతా విని తొట్టిలో చేయి పెట్టి చూచి, అమ్మాయిని దగ్గర కూర్చోబెట్టుకున్నాడు.

“అమ్మలూ, మా చెరువుకు చేపపిల్లల్ని ప్లాస్టిక్ సంచుల్లో ఆక్సిజన్ నింపి తెస్తారు. సంచి రాగానే విప్పి చెరువులో పోస్తామా?”

“పోయరా తాతయ్యా?”

“పోయము. ముడి విప్పకుండానే సంచిని చెరువు నీటిమీద తేలేస్తాము. పావుగంట, ఇరవై నిమిషాలు అలా ఉంచుతాము. లోపలి నీళ్లూ బయటి నీళ్లూ ఒక వేడికి రావాలి. తరువాత సంచిలోకి కొంచెం కొంచెం చెరువు నీళ్లు పోసి, అప్పుడు వదులుతాము. ఆ కాస్త ఓపిక లేకపోతే పిల్లలన్నీ తెల్లారేసరికి తేలిపోతాయి. మనకు ఎండలోనుంచి వచ్చినా, వానలో తడిసినా ఒంట్లో వేడి ఒక్కటిగానే ఉంటుంది. చేపకు అలా కాదు. నీళ్లు ఎంత వేడో దాని ఒళ్లూ అంత వేడి. ఎనిమిది డిగ్రీలు అరగంటలో దించితే దాని ఒంట్లో పనులన్నీ ఒక్కసారి తడబడతాయి.”

తరువాత మావైపు తిరిగి, “ఏమర్రా, 34 దగ్గర అవి ఇబ్బందిపడుతున్నాయి గాని బ్రతికే ఉన్నాయిగా. చంపింది వేడి కాదు, మీ కంగారు” అన్నాడు.

ఆ మాట గుచ్చుకుంది. కాని నిజము. ఆ రాత్రి అమ్మాయిని పిలిచి, “తప్పు చేపలమ్మిన వాడిది కాదమ్మా, మాది. మంచి చేస్తున్నామనుకొని తొందరపడ్డాము” అని చెప్పాము. అది ఏమీ అనలేదు. నోటుపుస్తకం తెచ్చి, మామయ్య చెప్పిన జాగ్రత్తలు వ్రాసుకోవడం మొదలుపెట్టింది. కింద వ్రాసినవి చాలావరకు ఆ పుస్తకంలోనివే. మిగిలినవి తరువాత మేము చదివి, చేసి చూచి తెలిసికొన్నవి.

వేడి నీటిలో గాలి తక్కువ

చేప నీటిలో కరిగిన ప్రాణవాయువును పీల్చి బ్రతుకుతుంది. నీరు వేడెక్కే కొద్దీ ఆ వాయువు తక్కువ కరుగుతుంది. 20 డిగ్రీల మంచినీటిలో లీటరుకు సుమారు 9 మిల్లీగ్రాములు కరిగి ఉండగలదు. 30 డిగ్రీలకు అది సుమారు ఏడున్నర అవుతుంది, 35 డిగ్రీలకు 7 మాత్రమే. అదే సమయంలో వేడికి చేప ఒంట్లో పని పెరిగి, దానికి వాయువు ఎక్కువ కావాలి. 10 డిగ్రీలు పెరిగితే అవసరం సుమారు రెట్టింపవుతుంది. ఖర్చు పెరిగి రాబడి తగ్గిన సంసారం వంటిదన్నమాట. అందుకే వేడిలో చేపలు పైకి వచ్చి గుటకలు వేస్తాయి.

చేపల చెరువుల దగ్గర ఉండేవారికి ఇది కొత్త కాదు. నీటిలోని నాచు పగలు వాయువును ఇస్తుంది, రాత్రి తానే పీల్చుకుంటుంది. తెల్లవారుజామున చేపలు తేలితే రైతులు ఏరియేటర్లు తిప్పుతారు, లేదా ఇంజను పెట్టి చెరువు నీటినే తోడి మళ్ళీ పైనుండి చెరువులో కొట్టిస్తారు. మన తొట్టిలో చిన్న గాలి మోటారు చేసేదీ ఆ పనే. కరెంటు పోతే గ్లాసుతో తొట్టి నీళ్లు తీసి, జానెడు ఎత్తునుండి మళ్ళీ దానిలోనే పోయాలి. ఐదు నిమిషాలు అలా చేసి కొంత ఆగి మళ్ళీ చేస్తే చేపలు తేరుకుంటాయి. ఆ రోజు మేము మొదట చేయవలసిన పని అదే. దానికి ఖర్చు లేదు, పిల్లలు కూడా చేయగలరు.

ఫైటర్ చేప, గౌరామి మాత్రం వేరు. మన కొరమీను లాగా అవి పైకి వచ్చి బయటి గాలిని కూడా పీల్చుకోగలవు. అప్పుడప్పుడు పైకి వస్తే భయపడనక్కరలేదు.

ఏ చేపకు ఎంత?

గప్పీ, మోలీ, ప్లాటీ, ఏంజెల్, గౌరామి, ఫైటర్ – ఇవి వెచ్చని దేశాల చేపలు. వీటికి 24 నుండి 28 డిగ్రీలు హాయిగా ఉంటుంది. గోల్డ్ ఫిష్ చల్లని నీటి చేప. దానికి 18 నుండి 24 మేలు. ఈ రెండు జాతులనూ ఒకే తొట్టిలో వేయడం మా మొదటి పొరపాటు. మన ఎండల్లో ముందుగా బాధపడేది గోల్డ్ ఫిష్. కోస్తా పల్లెల్లో క్రొత్తగా పెంచదలచినవారు గప్పీలతో మొదలుపెట్టడం మంచిది.

పగటికీ రాత్రికీ నీటిలో రెండు మూడు డిగ్రీల తేడా మెల్లగా వస్తే చేపలు ఓర్చుకుంటాయి. కాబట్టి థర్మామీటరులో అంకె ఎంత అన్నది ఒక్కటే చూడకండి. ఎంత సేపట్లో మారింది అన్నది కూడా చూడండి. దించినా, పెంచినా గంటకు ఒక డిగ్రీ మించకూడదు.

ఎండాకాలంలో చేయవలసినవి

మొదటిది, చోటు. తొట్టిని పడమటి గోడకు గాని, ఎండపడే కిటికీకి గాని దగ్గరగా పెట్టకండి. రేకుల కప్పు కింద అసలు వద్దు. పెంకుటింట్లోనైనా డాబాలోనైనా లోపలి గోడ పక్కన నేలకు దగ్గరగా పెడితే చల్లగా ఉంటుంది. ఫ్రిజ్ మీద, టీవీ మీద పెట్టడం మానండి. వాటి వేడి తొట్టికి తగులుతుంది. నీరు నిండిన తొట్టిని కదిపితే గాజు అతుకులు విడిపోతాయి, కాబట్టి చోటు మార్చేముందు నీళ్లు తోడివేయాలి.

రెండవది, తొట్టి కొలత. నీరు ఎక్కువైతే మెల్లగా వేడెక్కుతుంది, మెల్లగా చల్లారుతుంది. బల్లమీద పెట్టుకొనే గుండ్రని చిన్న గాజు గిన్నె చూడడానికి ముద్దుగా ఉంటుంది గాని, చేపకు అదే ప్రమాదం. అలాంటి గిన్నె ఉంటే దానిని మెడవరకు నింపకుండా, వెడల్పైన చోటివరకే నింపండి. నీటికి గాలి తగిలే భాగం పెరుగుతుంది.

మూడవది, మూత తీసి గాలి తగలనివ్వడం. కుండలో నీళ్లు చల్లబడినట్లే, తొట్టి పైనుండి నీరు ఆవిరైతే మిగిలిన నీరు చల్లబడుతుంది. ఒక లీటరు నీరు ఆవిరైపోవడానికి పట్టే వేడి, ఒక కిలో ఐసు కరగడానికి పట్టే వేడికంటే 7 రెట్లు ఎక్కువ. అంటే ఐసు గడ్డకంటే ఒక టేబుల్ ఫ్యాను గట్టి సాయము. పైగా అది మెల్లగా పనిచేస్తుంది. మూత తీసి దోమతెర గుడ్డ కట్టండి. లేకపోతే చేప బయటికి దూకుతుంది, లేదా పిల్లి చేయి పెడుతుంది. ఫ్యానును తొట్టి అంచున కాక దూరంగా, పడిపోకుండా పెట్టి, నీటిమీదుగా గాలి వీచేటట్లు తిప్పండి. రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది. తొట్టి బయటివైపు తడిగుడ్డ చుట్టినా మేలే. తెలంగాణ, రాయలసీమల పొడి ఎండలో ఇది బాగా పనిచేస్తుంది. సముద్రం దగ్గర ఉక్కపోసే రోజుల్లో అంతగా పనిచేయదు. ఆవిరైన నీటి మేరకు రోజూ మంచినీళ్లు కలుపుతుండాలి.

నాలుగవది, కలిపే నీళ్లు. మే నెల మధ్యాహ్నం డాబామీది ట్యాంకు నీళ్లు చేయి కాలేటట్లు ఉంటాయి. వాటిని పొరపాటున కూడా తొట్టిలో పోయకండి. ముందురోజే ఒక బకెట్ నీళ్లు పట్టి, తొట్టి పక్కనే మూత లేకుండా ఉంచండి. మరునాటికి తొట్టి నీటి వేడికి వస్తాయి. పంపు నీళ్లలో కలిపిన క్లోరిన్ కూడా చాలావరకు పోతుంది. నీళ్లు మార్చవలసి వస్తే పావువంతే మార్చండి.

ఐదవది, మేత. వేడిరోజుల్లో సగమే వేయండి. రెండు మూడు నిమిషాల్లో తినేసేటంత చాలు. మిగిలిన మేత కుళ్లి, ఉన్న కొద్ది ప్రాణవాయువునూ తినేస్తుంది, నీటిలో అమోనియా విషం పెంచుతుంది. వేడి పెరిగే కొద్దీ ఆ విషం మరింత కాటువేస్తుంది. పెరిగిన చేప ఒక రోజు మేత లేకపోయినా చావదు.

ఇవన్నీ చేసినా నీరు 32 దాటితే అప్పుడు ఐసు వాడవచ్చు. కాని గడ్డలు నీటిలో వేయకూడదు. అర లీటరు ప్లాస్టిక్ సీసాలో ముప్పాతిక పైన నీళ్లు పోసి, బిగించి, గడ్డకట్టించి, సీసాను అలాగే తొట్టిలో తేలేయండి. 50 లీటర్ల తొట్టిని అది సుమారు ఒక డిగ్రీ చల్లబరుస్తుంది. అది కరిగి, గంట గడిచాక అవసరమైతేనే రెండవది. 20 లీటర్ల చిన్న తొట్టికి అదే సీసా వేస్తే రెండున్నర డిగ్రీలు పడిపోతుంది, కాబట్టి అక్కడ చిన్న సీసా వాడాలి. అప్పుడు మేము వేసిన ఐసు అటువంటి సీసాలు ఎనిమిదింటితో సమానము!

చలికాలంలో

ఆదిలాబాద్ వైపు, అరకు, లంబసింగి వంటి మన్యపు చోట్ల ఉన్నవారికి డిసెంబరు, జనవరి నెలలు మరో పరీక్ష. నీరు 20కి దిగువకు పోతే గప్పీ వంటి చేపలు అడుగున పడి ఉంటాయి, రెక్కలు ముడుచుకుంటాయి, మేత ముట్టవు. చలికి నీరసించినప్పుడే ఒంటిమీద ఉప్పురవ్వల వంటి తెల్లమచ్చల జబ్బు కూడా పట్టుకుంటుంది.

రాత్రిళ్లు తొట్టికి మూడు పక్కల థర్మోకోల్ అట్టలు పెట్టి, పైన మూత ఉంచితే కొంత కాపాడవచ్చు. గాలి తీగకు దారి విడవండి. అది చాలకపోతే చేపల తొట్టి కోసం చేసిన హీటరు దొరుకుతుంది. లీటరుకు ఒక వాట్ లెక్కన 50 లీటర్లకు 50 వాట్ల హీటరు సరిపోతుంది. నీరు నిర్ణయించిన వేడికి రాగానే దానంతట అదే ఆగే రకం తీసుకోండి. నీటిలో చేయి పెట్టేముందు, నీళ్లు తోడేముందు ప్లగ్గు తీయండి. నీరు తగ్గి హీటరు బయటపడితే దాని గాజు పగులుతుంది.

స్నానానికి నీళ్లు కాచే రాడ్డును మాత్రం తొట్టిలో పెట్టకండి. 1000 వాట్ల రాడ్డు 50 లీటర్ల నీటిని మూడున్నర నిమిషాలకు ఒక డిగ్రీ చొప్పున వేడి చేస్తుంది. చేప సంగతి అలా ఉంచి, తెలియక చేయి పెట్టిన పిల్లవాడి ప్రాణానికే ముప్పు. మరిగిన నీళ్లు చెంబుతో పోయడం కూడా తప్పే.

కరెంటు మాట వచ్చింది గనుక మరొక్కటి. గాలి మోటారును నీటి మట్టానికి పైన పెట్టండి. కింద ఉంటే కరెంటు పోయినప్పుడు నీరు గొట్టం ద్వారా వెనుకకు మోటారులోకి వస్తుంది. వైర్లు ప్లగ్గుకంటే కిందికి వ్రేలాడి, అక్కడనుండి పైకి వెళ్లేటట్లు పెడితే కారిన నీటిబొట్టు నేలమీద పడుతుంది గాని ప్లగ్గులోకి పోదు.

ఇప్పుడు మా తొట్టి

తొట్టిని వంటింటి పక్క గదిలోకి మార్చాము. మిగిలిన మూడు గప్పీలు పిల్లల్ని పెట్టాయి. ఒంటరిగా మిగిలిన గోల్డ్ ఫిష్‌కు వేరే తొట్టి కొన్నాము. వేసవిలో ఇంటికి తాళం వేసి వెళ్లవలసి వస్తే, పొరుగింటి వదినగారికి తాళంచెవి ఇచ్చి, మధ్యాహ్నం ఒకసారి చూడమని చెప్పి వెళ్తున్నాము. మరుసటి ఏడు మే నెలలో మళ్ళీ ఒక మధ్యాహ్నం నీరు 33కు చేరింది. మేము లేవబోతుంటే అమ్మాయి చేయి అడ్డం పెట్టి, “మీరు కంగారుపడకండి, నేను చూసుకుంటాను” అన్నది. మూత తీసింది, ఫ్యాను పెట్టింది, గ్లాసుతో నీళ్లు ఎత్తి పోస్తూ కూర్చున్నది. గంటగంటకూ పుస్తకంలో వ్రాసింది – 33, 32, 31. సాయంత్రానికి 30. ఒక్క చేప కూడా పోలేదు.

30 అంటే కాగితం మీది అంకెకంటే ఎక్కువే. మేము ఆ మాట అనబోయి ఊరుకున్నాము. మెల్లగా వచ్చిన 30, తొందరగా వచ్చిన 26 కంటే మేలని ఆ ఇంట్లో మాకంటే దానికే బాగా తెలుసు.

మీ ఇంట్లో గాజు తొట్టి ఉంటే, దయచేసి ఈ రోజే ఒక థర్మామీటరు కొని అంటించండి. పెద్ద ఖరీదు కాదు. చూచి వ్రాసే పని పిల్లలకు అప్పగించండి. పొరపాటు జరిగితే అది ఎవరిదో పిల్లలతో దాచకుండా చెప్పండి. వచ్చే నెల మరొక ఇంటి సంగతితో మళ్ళీ కలుసుకుందాము.